కాలాపానీ ఎవరి జమీన్?

ప్రతి ఆగస్టు పదిహేనుకీ మమ్మల్ని ఒక పరీక్షకు కూర్చోబెడతారు. ప్రశ్న ఒక్కటే. ఈ దేశం కోసం మీవాళ్ళు ఏం చేశారు? సభ ఏలూరులో పెట్టినా, తాడేపల్లిగూడెంలో పెట్టినా వేదిక మీద ఒక సాయిబుకి ఐదు నిమిషాలిస్తారు. ఆ ఐదు నిమిషాల్లో మేం ఒక పట్టీ చదవాలి. అష్ఫాఖుల్లా ఖాన్, మౌలానా ఆజాద్, తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్... చప్పట్లు కొడతారు. "వీళ్ళలోనూ మంచివాళ్ళున్నార్రా" అనుకుంటూ ఇళ్ళకి పోతారు. మరుసటేడు మళ్ళీ అదే పరీక్ష. ఎన్నిసార్లు పాసైనా సర్టిఫికెట్ మాత్రం చేతికివ్వరు.

పట్టీలో పేర్లు అబద్ధం కావు. పట్టీ అడిగే హక్కే అబద్ధం. పక్కనున్న రాజుగారినో, చౌదరిగారినో, శాస్త్రిగారినో ఎవరూ పట్టీ అడగరు. వాళ్ళ వఫాదారీ పుట్టుకతో వచ్చింది. మాది మాత్రం ఏటా రెన్యువల్ చేయించుకోవాలి. ఈ మాట మేం ఇదివరకూ చెప్పాం, ఇకముందూ చెబుతాం. ఇవాళ చెప్పదలుచుకున్నది దానికి ఒక మెట్టు కిందిది. మా పట్టీలో సగం పేర్ల పక్కన ఒకే ఊరు రాసి ఉంటుంది: అండమాన్. కాలాపానీ. ఆ నేల ఎవరిదని మీరెప్పుడూ అడగలేదు. మమ్మల్ని దేశభక్తి పరీక్షకు కూర్చోబెట్టినవాళ్ళకు ఆ ప్రశ్న అసలు సిలబస్‌లోనే లేదు.

ముందు పట్టీ సంగతే చూద్దాం.

1857 జూలై 17న హైదరాబాదులో రోహిల్లాలు, పట్టణ జనం కలిసి కోఠీ రెసిడెన్సీ మీద విరుచుకుపడ్డారు. ముందు నిలబడినవాళ్ళు ఇద్దరు. జమేదార్ తుర్రెబాజ్ ఖాన్, మక్కా మసీదు దగ్గర జనాన్ని కదిలించిన మౌల్వీ అల్లావుద్దీన్. రెసిడెన్సీ ఫిరంగుల ముందు దాడి నిలవలేదు. తుర్రెబాజ్ ఖాన్‌కు ద్వీపాంతర శిక్ష వేశారు. ఓడెక్కించేలోపే జైలు నుంచి తప్పించుకున్నాడు. 1859 జనవరిలో తూప్రాన్ దగ్గర కాల్చి చంపి, శవాన్ని నగరంలో వేలాడదీశారు. ఆయన్ని చంపినవాడి పేరు ఖుర్బాన్ అలీ బేగ్. ద్రోహానికి మతం లేదని చెప్పడానికి ఈ ఒక్క పేరు చాలు. మౌల్వీ అల్లావుద్దీన్‌ని అండమాన్ పంపారు. ఆయన మళ్ళీ చార్మినార్ చూడలేదు, అక్కడే పోయాడు.

ఆ మనిషిని చరిత్ర పాఠం మరిచిపోయినా జనం నాలుక మరవలేదు. "నువ్వేమన్నా పెద్ద తుర్రుంఖాన్‌వా?" అంటాం కదా, ఆ తుర్రుంఖాన్ ఈయనే. ఒక వీరుడి పేరు తెలుగువాడి నోట ఎకసెక్కంగా మిగిలింది. అలా మిగలడానికి ఎంత మరపు కావాలో ఆలోచించండి.

అల్లావుద్దీన్ ఒక్కడే కాదు. మౌలానా ఫజ్లె హఖ్ ఖైరాబాదీ 1861లో అక్కడే కన్నుమూశాడు. అంబాలా కుట్ర కేసులో శిక్షపడిన మౌలానా జాఫర్ థానేసరీ పద్దెనిమిదేళ్ళ పైచిలుకు శిక్ష అనుభవించి వచ్చి ఉర్దూలో తన ఖైదు కథ రాసుకున్నాడు. 1872 ఫిబ్రవరి 8న వైస్రాయి లార్డ్ మేయోని పోర్ట్ బ్లెయిర్‌లో కత్తితో పొడిచి చంపిన షేర్ అలీ ఆఫ్రిదీ కూడా ఖైదీయే. నెల తిరిగేసరికి ఆయన్ని వైపర్ దీవిలో ఉరితీశారు. 1921 మలబారు తిరుగుబాటు తర్వాత మాప్పిళ్ళల్ని వందల లెక్కన పంపారు. దక్షిణ అండమాన్‌లో మలప్పురం, మంజేరి, కాలికట్ అన్న ఊళ్ళు అలా వెలిసినవే.

సెల్యులర్ జైలు కట్టడం మొదలైంది 1896లో, పూర్తయింది 1906లో. సావర్కర్ అక్కడ ఉన్నది 1911 నుంచి 1921 దాకా. పోర్ట్ బ్లెయిర్ విమానాశ్రయానికి ఆయన పేరే పెట్టారు. ఆయన జైల్లో ఉన్న మాట నిజం, కాదనడం లేదు. అయితే జైలు గోడలు లేవక ముందే అండమాన్‌కు దాదాపు నలభై ఏళ్ళ ఖైదీల చరిత్ర ఉంది. ఆ నలభై ఏళ్ళు ఏమయ్యాయి? గోడలు లేని జైల్లో అడవి నరుకుతూ, జ్వరాలతో, కొరడా దెబ్బలతో పోయినవాళ్ళకు మ్యూజియం ఎక్కడ? విమానం దిగినవాడికి కనిపించేది ఒక్క పేరు. ఆ పేరు కింద మా పేర్లు కప్పెట్టారు. మా పేర్ల కింద ఇంకెవరి పేర్లున్నాయో తవ్వడం ఇప్పుడు మా పని.

మా జిల్లా నుంచే తవ్వుదాం. తాడేపల్లిగూడెం దాటి ఉత్తరానికి పోతే మెట్ట, మెట్ట దాటితే ఏజెన్సీ. గోదావరి ఒడ్డున కొరటూరుకు చెందిన కోరుకొండ సుబ్బారెడ్డి నానాసాహెబు వస్తున్నాడని నమ్మి కుంపిణీ మీద తిరగబడ్డాడు. 1858 అక్టోబరులో ఆయన్ని బుట్టాయగూడెంలో ఉరితీశారు. శవాన్ని ఇనుప బోనులో పెట్టి రాజమండ్రిలో జనానికి ప్రదర్శించారు. హైదరాబాదులో తుర్రెబాజ్ ఖాన్ శవం, రాజమండ్రిలో సుబ్బారెడ్డి శవం. మధ్య తేడా కొన్ని నెలలు. తెల్లవాడి దగ్గర ఇద్దరికీ ఒకే మర్యాద.

1922 నుంచి 1924 దాకా మన్యం మళ్ళీ లేచింది. అల్లూరి సీతారామరాజుకు పైడిపుట్టలో భూమి ఇప్పించి చేరదీసిన అధికారి పోలవరం డిప్యూటీ కలెక్టర్ ఫజులుల్లా ఖాన్. ఈ సంగతి సినిమా చూసినవాళ్ళకు తెలియదు, చరిత్ర చదివినవాళ్ళకు తెలుసు. 2022 జూలై 4న భీమవరంలో ముప్ఫై అడుగుల సీతారామరాజు విగ్రహం ఆవిష్కరించడానికి ప్రధానమంత్రి వచ్చాడు. మంచిదే. ఆ పోరులో ప్రాణాలిచ్చిన గాం గంటందొర ఎన్నడుగుల ఎత్తున్నాడు? ఆయన తమ్ముడు గాం మల్లుదొర యావజ్జీవ ద్వీపాంతర శిక్షపడి అండమాన్ పోయాడు. బతికి తిరిగొచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి మొదటి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. కాలాపానీ చూసొచ్చిన ఆదివాసి పార్లమెంటులో కూర్చున్నాడన్న సంగతి మన పిల్లల్లో ఎందరికి తెలుసు? మాకు ఐదు నిమిషాలైనా ఇస్తారు. మల్లుదొర మనవలకు ఆ ఐదు నిమిషాలూ లేవు.

ఇక్కడిదాకా విన్న సెక్యులర్ మిత్రులు తల ఊపుతారు. ముస్లిములు, ఆదివాసులు కలిసి తెల్లవాడితో పోరాడారు, భేష్ అంటారు. కానీ కథ అంత శుభ్రంగా లేదు.

1789లో ఆర్చిబాల్డ్ బ్లెయిర్ అండమాన్‌లో ఒక వలస నిలిపాడు. జ్వరాలకు తట్టుకోలేక 1796లో ఎత్తేశారు. 1857 తర్వాత దేశంలో జైళ్ళు చాలలేదు. 1858 మార్చిలో ఆగ్రా జైలు నడిపిన అనుభవమున్న డాక్టర్ వాకర్ రెండు వందల మంది ఖైదీలతో పోర్ట్ బ్లెయిర్‌లో దిగాడు. పారిపోయి దొరికినవాళ్ళలో ఎనభై మందికి పైగా ఒక్కరోజే ఉరితీయించాడు. మిగిలినవాళ్ళ చేతికి గొడ్డలి ఇచ్చాడు. అడవి నరకండి.

ఆ అడవి ఖాళీది కాదు. వేల ఏళ్ళుగా అందులో మనుషులున్నారు. ఇవాళ మనం గ్రేట్ అండమానీలంటున్న పది తెగలు, జారవాలు, ఓంగేలు, సెంటినెలీలు. ఆ మనుషులకు ఒకరోజు పొద్దున లేచి చూసేసరికి ఒడ్డున ఓడలు, ఓడల్లోంచి దిగిన నల్లటి, చామనఛాయ మనుషులు, వాళ్ళ చేతుల్లో గొడ్డళ్ళు. గొడ్డలి పట్టినవాడి కాలికి బేడీ ఉంది. ఆ బేడీ వేసిన తెల్లవాడు వెనక నీడలో నిలబడి ఉన్నాడు.

1859 ఏప్రిల్‌లో అండమానీలు ఖైదీల శిబిరం మీద దాడి చేశారు. అప్పుడు ఒక విశేషం జరిగింది. దాన్ని రాసిపెట్టింది మేం కాదు, తెల్లవాళ్ళే. కాళ్ళకు ఇనుప కడియాలున్న ఖైదీల జోలికి వాళ్ళు పోలేదు. బేడీలు లేకుండా, పెత్తనం చేస్తూ నిలబడ్డ మేస్త్రీల మీద పడ్డారు. బేడీలున్న వాళ్ళను తమతో కలిసి ఆడమన్నారు. చదువు లేదని, బట్టలేదని తెల్లవాడు "జంగలీ" అన్న మనిషి పీడకుణ్ణీ పీడితుణ్ణీ కాలు చూసి గుర్తుపట్టాడు. ఆ నెలలో ఆ దీవిలో ఉన్నవాళ్ళందరిలోకీ రాజకీయ జ్ఞానం ఉన్నది వాళ్ళకే.

మరి మనవాళ్ళేం చేశారు? దూధ్‌నాథ్ తివారీ అనే సిపాయి ఖైదీ శిబిరం నుంచి పారిపోయి ఏడాదికి పైగా అండమానీల మధ్య బతికాడు. తిండి పెట్టారు. ఆడవాళ్ళనిచ్చి పెళ్ళి చేశారు. 1859 మేలో వాళ్ళు పెద్ద దాడికి సిద్ధమవుతుంటే, ఆయన ముందే వచ్చి వాకర్‌కు ఉప్పందించాడు. అబర్డీన్ దగ్గర తుపాకులు కాచుకుని కూర్చున్నాయి. విల్లంబులతో వచ్చినవాళ్ళు పిట్టల్లా రాలిపోయారు. తివారీకి క్షమాభిక్ష దొరికింది. ఇంటికి పోయాడు.

తివారీ పేరు ఎత్తి హిందువుల మీద వేలు చూపుతున్నామని ఎవరూ సంబరపడొద్దు. ఆయన స్థానంలో ఖాన్ అయినా, రెడ్డి అయినా ఉండొచ్చు. అడవి నరికిన చేతుల్లో మా చేతులూ ఉన్నాయి. శిక్ష పడినవాడు తన ఇష్టంతో నరకలేదు. కానీ చెట్టు పడింది. పడిన చెట్టు కింద ఒక జాతి నలిగింది.

తర్వాత కథ బెదిరింపు కాదు, బుజ్జగింపు. 1863లో రాస్ దీవిలో "అండమాన్ హోమ్" అని ఒకటి తెరిచారు. తిండి, బట్ట, బీడీ, బైబిలు. అడవి మనుషుల్ని పట్టుకొచ్చి అందులో పెట్టారు. అక్కడ పుట్టిన పసివాళ్ళు దాదాపుగా ఎవరూ రెండేళ్ళు నిండా బతకలేదు. 1870ల్లో సుఖరోగం పాకింది. 1877లో తట్టు వచ్చి ఊళ్ళకు ఊళ్ళు తుడిచిపెట్టుకు పోయాయి. 1858లో కొన్ని వేల మంది ఉన్న గ్రేట్ అండమానీలు 1901 జనాభా లెక్కల నాటికి 625. 1961 నాటికి 19. ఇవాళ అరవై దరిదాపుల్లో. ఆకా-బో భాష మాట్లాడే చిట్టచివరి మనిషి బోవా సీనియర్ 2010 జనవరి 26న చనిపోయింది. మనం జెండా ఎగరేసి లడ్డూలు పంచుకున్న పొద్దునే ఒక భాష భూమ్మీంచి పోయింది. ఏ జెండా కూడా అరగజం దిగలేదు.

ఇంకో సంగతీ చూడండి. పారిపోయిన ఖైదీల్ని అడవిలో వెతికి పట్టుకొస్తే అండమానీలకు బహుమతులిచ్చేవాళ్ళు. మొదట ఖైదీ చేత ఆదివాసి అడవి నరికించారు. తర్వాత ఆదివాసి చేత ఖైదీని వేటాడించారు. బేడీ చూసి ఆటకు పిలిచిన మనిషిని ఇరవై ఏళ్ళలో వేటకుక్కగా మార్చారు. సామ్రాజ్యమంటే ఇదే. తెల్లవాడు చేయి తడుపుకోలేదు. ఒక అన్యాయానికి గురైనవాణ్ణి తెచ్చి ఇంకొక అన్యాయానికి పనిముట్టుగా వాడుకున్నాడు.

ఇది అండమాన్‌కే పరిమితం కాదు. 1788 నుంచి 1868 దాకా ఇంగ్లండు తన జైళ్ళలోంచి లక్షా అరవై వేల మందిని ఆస్ట్రేలియాకు తోలింది. రొట్టె దొంగలు, ఐర్లండు తిరుగుబాటుదార్లు, దిక్కులేని ఆడవాళ్ళు. లండన్‌లో ఛీ కొట్టించుకున్నవాడు సిడ్నీలో దిగగానే భూస్వామి అయ్యాడు. అక్కడి మూలవాసి తన నేల మీద తానే చొరబాటుదారు అయ్యాడు. ఆ భూమి ఎవరిదీ కాదని చట్టం రాసుకున్నారు. ఆ చట్టం అబద్ధమని ఆస్ట్రేలియా హైకోర్టు ఒప్పుకోవడానికి 1992 దాకా పట్టింది.

అంత దూరమెందుకు? బాపట్ల, చీరాల మధ్య స్టువర్టుపురం స్టేషనుంది. 1871 నేరస్త జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు రాజధానికీ తెచ్చారు. గాడిదల మీద ఉప్పూ ధాన్యమూ వేసుకుని ఊళ్ళు తిరిగిన ఎరుకలవాళ్ళ బేరం రైలు వచ్చాక పోయింది. బేరం పోయినవాళ్ళకు పుట్టుదొంగలని పేరు పెట్టారు. 1913-14ల్లో సాల్వేషన్ ఆర్మీ చేతికి అప్పగించి, ఒక దొరగారి పేరుతో ఊరు కట్టి, హాజరు పట్టీలు పెట్టి, చీరాల పొగాకు ఫ్యాక్టరీకి కూలీలుగా తోలారు. సముద్రం దాటకుండానే కాలాపానీ. చట్టం 1952లో పోయింది. "స్టువర్టుపురం దొంగలు" అన్న మాట పోలేదు, సినిమాకెక్కింది. పుట్టుకతోనే అనుమానితుడు కావడమంటే ఏమిటో మాకు వేరే చెప్పక్కర్లేదు. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలితే, చచ్చింది మావాళ్ళే, పట్టుకుపోయిందీ మావాళ్ళనే. ఏళ్ళ తర్వాత నిర్దోషులన్నారు. ఎరుకలవాడి హాజరు పట్టీ, మా కుర్రాళ్ళ ఠాణా ఫైలు ఒకే కలంతో రాసినవి.

ఏలూరు తివాచీల సంగతీ ఇందులో ఉంది. పారశీకం నుంచి వచ్చిన పనితనమని, లండన్ దాకా పోయిన సరుకని మావాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు. పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో తెల్లవాళ్ళు జైళ్ళలో మగ్గాలు పెట్టి ఖైదీల చేత తివాచీలు నేయించారు. కూలి లేని పని, చవక సరుకు. చేతిపని కుటుంబాలు పోటీకి నిలవలేదు. నాసిరకం నమూనాలు దేశమంతా పాకాయి. జార్జి బర్డ్‌వుడ్ అనే ఇంగ్లీషువాడే 1880లో దీన్ని దుయ్యబట్టాడు. ఖైదీ వెట్టి అండమాన్‌లో అడవిని తిన్నది, ఇక్కడ మగ్గాన్ని తిన్నది.

ఇప్పుడు అభ్యంతరాలు. మాలోనే కొందరు పెద్దలు అంటారు: "అసలే మన షహీదుల్ని ఎవరూ తలుచుకోవడం లేదు, మధ్యలో ఈ అండమానీల గోలేంటి?" మా జవాబు: షహీదును గొప్ప చేయడానికి అతను తొక్కిన నేలను దాచిపెట్టక్కర్లేదు. ఆ నేల ఎవరిదో చెబితే అల్లావుద్దీన్ చిన్నవాడు కాడు. అతన్ని అక్కడికి తోలినవాడి నేరం రెండింతలవుతుంది.

హిందూత్వవాదులు వేరే పాట పాడతారు. మీరే బయటినుంచి వచ్చారు, మూలవాసుల గురించి మీకేంటి అంటారు. ఈ నేల మీద మాలు, మాదిగలు, చేనేతలు, దూదేకులు కలిసే ఉర్దూ మాట్లాడే, తెలుగు మాట్లాడే సాయిబులయ్యారని ఊరూరా కనిపిస్తున్నా చూడరు. సరే, ముందొచ్చినవాడిదే దేశమనుకుందాం. మరి అందరికంటే ముందున్న ఆదివాసిని మీరేమని పిలుస్తున్నారు? "వనవాసి" అని. ఆది అన్న మాట ఎందుకు తీసేశారు? ఆది అతనిదైతే మీరు తర్వాత వచ్చినవాళ్ళవుతారు కనుక. మమ్మల్ని విదేశీ అనే నోరు, ఆదివాసిని వనవాసి అనే నోరు ఒక్కటే. మమ్మల్ని చరిత్రలోంచి బయటికి నెట్టడం, అతన్ని చరిత్ర మొదట్లోంచి లాగెయ్యడం ఒకే పని.

ఆ పని ఆగలేదు. 2018 డిసెంబరులో రాస్ దీవిని నేతాజీ దీవి చేశారు. 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్‌ని శ్రీ విజయపురం చేశారు. వలసపాలన గుర్తులు చెరిపేస్తున్నామన్నారు. చెరపండి, తెల్లదొర పేరు పోతే మాకేం ఏడుపు లేదు. కానీ బ్లెయిర్ రాకముందు ఆ రేవుకు అక్కడి మనుషుల నోట ఒక పేరుండదా? అదెవరైనా అడిగారా? ఒక పెత్తందారు రాసిన బోర్డు మీద ఇంకో పెత్తందారు రంగు పూశాడు. జారవాల అడవి మధ్యలోంచి పోయే ట్రంకు రోడ్డు మూయమని 2002లో సుప్రీంకోర్టు చెప్పింది. మూయలేదు. 2012లో జారవా ఆడవాళ్ళచేత తిండి ఆశ చూపి డాన్సులాడించిన వీడియో బయటపడి లోకమంతా ఛీ అంది. గ్రేట్ నికోబార్‌లో షోంపెన్‌లు, నికోబారీలు ఉన్న దీవిలో రేవు, విమానాశ్రయం, పట్టణం కట్టడానికి 2022 నవంబరులో పర్యావరణ అనుమతి ఇచ్చారు. 130 చదరపు కిలోమీటర్ల అడవి ఇందులో పోతుంది. వాకర్ చేతిలో గొడ్డలి. ఇప్పుడు యంత్రం.

తెలుగువాళ్ళం మనకేం సంబంధం అనకండి. 2011 లెక్కల ప్రకారం ఆ దీవుల్లో నూటికి పదమూడు మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం తీరం నుంచి పొట్ట చేతపట్టుకుని పోయినవాళ్ళే ఎక్కువ. వాళ్ళనూ తప్పు పట్టం. వాళ్ళ పిల్లలు చదివే తెలుగు వాచకంలో ఆ దీవి మొదటి మనుషుల కథ ఒకటి ఉండాలని మాత్రం అంటాం.

ఇంటి దగ్గర కూడా లెక్క తప్పదు. 2014లో కుక్కునూరు, వేలేరుపాడు మండలాల్ని మన జిల్లాలో కలిపారు. అక్కడి కోయలు, కొండరెడ్లు ఏం కోరుకున్నారని కాదు, పోలవరం ముంపు అడ్డు లేకుండా సాగాలని. డెల్టా పొలాలకు నీళ్ళు, ఏజెన్సీ ఊళ్ళకు కూడా నీళ్ళే, నడుములోతు. కొల్లేరులో 1999లో పక్షులకు అభయారణ్యం ప్రకటించారు. 2006లో చేపల చెరువుల గట్లు పేల్చేశారు. సరస్సుని మింగిన పెట్టుబడి ఎక్కడిదో దానికి దెబ్బ తగల్లేదు. తరాలుగా ఆ నీళ్ళ మీదే బతికిన వడ్డీల గూడేలకు తగిలింది. నేల ఎవరిది, నీరు ఎవరిది అన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా అక్కడున్నవాడిని తప్ప అందరినీ అడుగుతారు.

మాకు కావలసినవి కొన్నే. అండమాన్‌కు పోయిన తెలుగు నేల ఖైదీలందరి పేర్లూ, మౌల్వీ అల్లావుద్దీన్ నుంచి మల్లుదొర దాకా, మతం, తెగ చూడకుండా బడి పుస్తకంలో రావాలి. ఆ పాఠం సెల్యులర్ జైలు గేటు దగ్గర మొదలు కాకూడదు. 1858 మార్చికి ముందు అక్కడ ఎవరున్నారన్న దగ్గర మొదలు కావాలి. అబర్డీన్ యుద్ధంలో చచ్చిన అండమానీల్ని "దాడి చేసిన ఆటవికులు" అనడం మానాలి. తమ దేశం కోసం వాళ్ళు చచ్చారు. దేశభక్తి అన్న మాటకు అర్థముంటే అది వాళ్ళకే ముందు వర్తిస్తుంది.

ఇక మా మతస్తులకు ఒక మాట. మెజారిటీ దయదలిచి ఇచ్చే సర్టిఫికెట్ కోసం ఎదురు చూడకండి. అది రాదు. వచ్చినా, ఆ కాగితం ఇంకెవరి నేల మీదో అచ్చయి ఉంటుంది. మనకంటే కింద పడినవాడి పక్కన నిలబడితే మనకు వేరే సబూత్ అక్కర్లేదు. అండమానీ ఆనాడు అడిగింది మతం కాదు, కులం కాదు, ముల్కీ కాదు. కాలు చూశాడు. బేడీ ఉంటే తనవాడే అనుకున్నాడు.